వెనక ఎడమ టైరు

ప్రతి సోమవారం పొద్దున ఏడింటికల్లా ఆ అద్దెకారు డ్రైవరు టైర్లకి గాలి కొట్టే గాలక్క కొట్టు ముందు ఉండేవాడు. ఇంటి నుంచి అక్కడికి రెండు వీధులు. ఆ రెండు వీధులూ రెండో గేరు దాటనివ్వకుండా, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకొస్తున్నట్టు కారుని తెచ్చేవాడు. టైరు పరిగెత్తి వేడెక్కిందంటే లోపలి గాలి ఉబ్బుతుంది, మీటరు లేనిపోని లెక్క చూపిస్తుంది. ఊరంతా తిరిగి తిరిగి మిట్టమధ్యాహ్నం వచ్చి గాలి చూడమనేవాళ్ళని గాలక్క నిలబెట్టి దులిపేసేది.

"పరిగెత్తుకొచ్చినవాడి నాడి పట్టుకుంటే ఏం తెలుస్తుంది నాయనా? నీడలో పెట్టి టీ తాగిరా. అప్పుడు చూస్తాను."

ఆవిడకి యాభై అయిదు దాటాయి. వాల్వులు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు చెంచాలా చదునై మెరుస్తుండేది. కంప్రెసరు పక్కన ముప్పై ఏళ్ళు మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు మెల్లగా మాట్లాడటం అనేది ఒకటుందని మర్చిపోయింది. చెవిలో రహస్యం చెప్పినా వీధి మలుపులో ఉన్నవాళ్ళకి వినపడేది. డ్రైవరుని ఆవిడ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "సోమవారం" అనేది. దాంతో ఆ వీధి మొత్తానికీ అతను సోమవారమే అయ్యాడు. శనివారం కనపడినా సరే, "ఏం సోమవారం, ఎటు?" అని పలకరించేవాళ్ళు.

ఒక వారం అతని ముందు ఒక కొత్త కారాయన ఉన్నాడు. టైరు పక్కన అచ్చేసిన అంకె మీద వేలు పెట్టి, "యాభై ఒకటని రాసుంది కదమ్మా, అంతా కొట్టెయ్. పదిరోజులు చూసుకోనక్కర్లేదు," అంటున్నాడు.

"అది టైరు తట్టుకోగలిగినంత," అంది గాలక్క. "నీ పొట్ట ఎంత పడుతుందో అంతా రోజూ తింటున్నావా? డ్రైవరు తలుపు తీసి చూడు. పక్కన చీటీ అంటించి ఉంటుంది. ఇద్దరెక్కితే ఎంత, ఇంటిల్లిపాదీ ఎక్కితే ఎంత అని కారు చేసినవాడు బుద్ధిగా రాసిపెట్టాడు. ఎంతమంది ఎక్కుతారో నువ్వు చెప్పు, ఎంత గాలో నేను చెప్తాను."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆవిడ ముప్పై నాలుగు దగ్గర ఆపింది. ఆయన వెళ్ళాక, గొట్టం లాక్కుంటూ డ్రైవరు కారు దగ్గరికొచ్చి, రెండు మోకాళ్ళూ పట్టుకుని కూలబడింది. ముందు రెండూ ముప్పై రెండు. వెనక కుడిది ముప్పై రెండు. వెనక ఎడమది ముప్పై ఏడు.

"అమ్మాయి బావుందా?"

"బావుంది."

అంతే. ప్రతి వారం అంతే. డబ్బులు ఆవిడ చేతిలో పెట్టి అతను మొదటి బేరానికి వెళ్ళిపోయేవాడు.

ఆ అమ్మాయి చనిపోయి పదకొండేళ్ళు.

అప్పుడు దానికి ఏడేళ్ళు. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక పొద్దున, భార్య అక్కగారింటికి ముగ్గురూ బయల్దేరారు. మూడు గంటల దారి. కారెక్కబోతూ భార్య వెనక్కి వంగి చూసి, "ఏవండీ, ఈ టైరు కూర్చున్నట్టుంది. గాలి చూపిద్దాం," అంది. అప్పటికే బయల్దేరడం ఆలస్యమైంది. గాలక్క కొట్టు ముందు నాలుగు కార్లు వరసలో ఉన్నాయి. "దారిలో ఎక్కడో చూపిద్దాంలే, ఏం కాదు," అన్నాడతను. గాలి తక్కువైన టైరు పక్కలు నలుగుతాయి, నలిగినకొద్దీ కాగిపోతుంది. ఇది అతనికి తెలియనిదేం కాదు. గంటన్నర తర్వాత పెద్దరోడ్డు మీద వెనక ఎడమ టైరు పేలింది. కారు గిరుక్కున తిరిగి, వెనక ఎడమ పక్క కల్వర్టు గోడకి కొట్టుకుంది. అతనికి మోచేతి దగ్గర నాలుగు కుట్లు పడ్డాయి. భార్యకి అదీ లేదు. పాప వెనక ఎడమ సీట్లో కూర్చుంది.

తలుపు మార్పించి, రంగు వేయించి, కారుని అమ్మేద్దామనుకున్నాడు. అమ్మేముందు గాలి సరిచేయిద్దామని గాలక్క దగ్గరికి తెచ్చాడు. ఆవిడ నాలుగింటికీ ముప్పై రెండు కొట్టి, లేచి, దూరంగా నిలబడి చూసింది. వెనక ఎడమ టైరు కింద పొట్ట వేసినట్టుంది. మళ్ళీ మీటరు పెట్టింది. ముప్పై రెండే. అప్పుడు వెనక తలుపు తీసి లోపలికి చూసి, చప్పుడు కాకుండా మూసింది.

"పాప కూర్చునుంది తమ్ముడూ. ఇరవై కిలోలుంటుందా?"

"ఇరవై ఒకటి," అన్నాడతను. "మొన్ననే స్కూల్లో తూచారు."

ఆవిడ ఆ టైరుకి రెండు పాయింట్లు పెంచింది. అతను కారు అమ్మలేదు.

తర్వాత పాప పెరిగింది. కంటికి కనపడేది కాదు, మాట్లాడేది కాదు. ఏ పిల్లయినా పెరిగినట్టే బరువు పెరిగింది. ఎనిమిదో ఏడు నిండాక ఒక కిలో, తొమ్మిదిలో ఇంకో రెండు. పన్నెండో ఏట ఒక్కసారిగా ఎదిగింది. ఆ ఏడాది గాలక్క మూడు నెలల్లో రెండుసార్లు గాలి పెంచి, "పొడుగయ్యుంటుంది. మీ ఆవిడ పొడుగేగా," అంది. ఆ రోజంతా అతను ఊరికే సంతోషంగా ఉన్నాడు. ఎక్కినవాళ్ళ దగ్గర చిల్లర కూడా అడగలేదు.

బేరాలకి వచ్చేవాళ్ళకీ అలవాటైపోయింది. ముగ్గురొస్తే ఒకరు ముందు కూర్చునేవారు. "వెనక ఇద్దరికే చోటండీ, మా అమ్మాయుంది," అంటే, "అలాగా, సరే," అని సర్దుకునేవారు. వారానికి రెండుసార్లు కంటి ఆసుపత్రికి వెళ్ళే ముసలావిడ ఒకామె ఎక్కగానే, "అమ్మాయ్, ఈ సంచీ కాస్త ఒళ్ళో పెట్టుకో," అని ఎడమ సీటు మీద పెట్టేది. ఎంత గుంతలో పడ్డా ఆ సంచీ దొర్లేది కాదు.

భార్య మాత్రం ఆ కారెక్కలేదు. గాలక్క చెప్పిన రోజే అతను ఇంటికెళ్ళి, "పాప కార్లో ఉంది," అన్నాడు. ఆమె "ఊఁ" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో పాప మాట రాలేదు. ఆమె ఎక్కడికెళ్ళినా బస్సే. ఇద్దరూ కలిసి వెళ్ళాల్సిన చోటుకి కూడా ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చునేది, అతను ఆ బస్సు వెనకాలే కారు నడుపుకుంటూ వెళ్ళేవాడు. బస్సు ఆగిన ప్రతిచోటా ఆగేవాడు. ఎవరైనా చూస్తే నవ్వుకునేవాళ్ళేమో. వాళ్ళిద్దరికీ నవ్వు వచ్చేది కాదు.

ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో బట్ట కత్తిరించేది. అట్టముక్క పెట్టి, సుద్దతో గీసి, ఒక్కసారే ఇరవై పొరలు కత్తిరించగల చెయ్యి. ఏడేళ్ళ సైజు అట్ట వస్తే మాత్రం పక్కావిడ బల్ల మీదకి తోసేది. పక్కావిడ ఏమీ అడక్కుండా తన పదేళ్ళ సైజు అట్ట ఇటు జరిపేది. కొన్ని రోజులు పొద్దున్నే అతను కారు తీసేసరికి వెనక ఎడమ అద్దం ఒక్కటీ తుడిచి ఉండేది. మిగతా మూడింటి మీదా దుమ్ము అలాగే ఉండేది. అతను ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. అడిగితే అదీ మానేస్తుందేమోనని భయం.

ఆమె తనని ఒక్క మాటంటే బావుండునని అతను ఎదురుచూసేవాడు. "ఆ రోజు చెప్పాను కదా" అని ఒక్కసారి అరిస్తే చాలు. ఆమె అరవలేదు. వేళకి వండేది, బట్టలు మడతపెట్టేది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది. ఆ మంచితనం కింద అతను పదకొండేళ్ళు నలిగాడు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో కారు నడకలో ఏదో తేడా వచ్చింది. స్పీడుబ్రేకరు దాటినప్పుడల్లా వెనక ఎడమ పక్క ఎగిరెగిరి పడుతోంది. షాకబ్సార్బరు పోయిందేమోనని మెకానిక్కుకి చూపించాడు. అతను కింద దూరి చూసి, "బంగారంలా ఉంది," అన్నాడు.

సోమవారం గాలక్క ఆ టైరు ముందు చాలాసేపు కూర్చుంది. అరచెయ్యి టైరు మీద అడ్డంగా రాసి చూసింది. చేతికి నల్లగా అంటిన మసిని చూసుకుంది. మళ్ళీ రాసింది.

"ఇలా రా," అంది. "గాలి తక్కువైతే టైరు అంచులు అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఇది చూడు, నడుమంతా నున్నగా అయిపోయింది. ముప్పై ఏడు దీనికి ఎక్కువైపోతోంది."

"ఎందుకవుతుంది? నీ చేత్తో నువ్వే కొడుతున్నావుగా ఏడాదిన్నరగా."

"నేను కొట్టేది అదే. మోసేదే తగ్గింది." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాలుగైదు వారాలుగా అనుమానంగానే ఉంది. చెబితే నువ్వు కంగారుపడతావని ఊరుకున్నాను. అమ్మాయి చిక్కిపోతోంది తమ్ముడూ. ఏడెనిమిది కిలోలు తగ్గుంటుంది. ఆ వయసు పిల్లలు తిండి మానేస్తారంటారు గానీ, ఇది అలా లేదు. వారం వారం తరిగిపోతోంది."

అతను డబ్బులివ్వడం కూడా మర్చిపోయి బండెక్కాడు. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి? ఏ మందు పొయ్యాలి? ఆ రోజు రెండు బేరాలు వదులుకుని, చెట్టు నీడలో కారు ఆపుకుని, వెనక సీటువైపు తిరిగి కూర్చున్నాడు. "ఏమ్మా? ఏమైంది?" అని అడిగాడు. కంటి ఆసుపత్రి ముసలావిడ ఎక్కినప్పుడు కూడా ఒక మాటంది. "మీ అమ్మాయి సంచీ సరిగ్గా పట్టుకోవట్లేదు బాబూ. ఇవాళ రెండుసార్లు పడేసింది. ఒంట్లో బాలేదా?"

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య వంటగదిలో గిన్నెలు తోముతోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పాప తగ్గిపోతోంది," అన్నాడు.

ఆమె కొళాయి కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

"తగ్గడమంటే?"

"బరువు. టైరు చూసి గాలక్క చెప్పింది. ఎనిమిది కిలోలు పోయిందట."

"ఎప్పట్నించి?"

"నెల దాటి ఉంటుంది. వానలకి ముందునించే."

ఆమె తడిచేతులతోనే పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. తర్వాత ఎడమచెయ్యి పైకెత్తి, వాచీ బెల్టు అతనికి చూపించింది. బెల్టుకి ఉన్న చిల్లులన్నీ దాటిపోయి, ఇంకా లోపలికి, మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండున్నాయి.

"నేనూ ఎనిమిదే," అంది.

అప్పుడు అతను ఆమెను చూశాడు. రోజూ కనపడుతూనే ఉంది, ఎదురుగా కూర్చుని అన్నం పెడుతూనే ఉంది. మెడకింద ఎముకలు గిన్నెల్లా తేలాయి. చెంపలు లోపలికి పోయాయి. వారం వారం టైరు కింద పొట్ట ఎంతుందో కొలిపించుకున్న మనిషి, ఇంట్లో మనిషి సగమైపోతుంటే చూడలేదు. సిగ్గుతో అతని మొహం మండిపోయింది.

"ఏమైంది నీకు?"

"కడుపులో నొప్పి. తిన్నది నిలవట్లేదు. రక్తం కూడా పడుతోంది అప్పుడప్పుడూ."

"మరి చెప్పవేం?"

"చెబితే బాగు చేయిస్తారు కదా," అంది ఆమె.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా.

"దాని దగ్గరికే కదా వెళ్ళేది అనుకున్నాను. ఎలాగూ బతికున్నన్నాళ్ళూ ఆ కారెక్కే ధైర్యం నాకు లేదు. ఇలాగైనా వెళ్ళొచ్చని." వాచీ బెల్టు వేలితో తిప్పింది. "నేను తిండి తినకపోతే అదీ తినట్లేదన్నమాట. నాతోపాటు అదీ అరిగిపోతోంది. అది నాకు తెలీదండీ. తెలిస్తే ఇంతదాకా రానిస్తానా?"

అతను కింద కూర్చుని ఆమె మోకాళ్ళ మీద తల పెట్టాడు. ఆమె తోసెయ్యలేదు.

"రేపు పొద్దున్నే వెళ్దాం," అంది కాసేపటికి. "నేను బస్సులో వస్తాను."

మర్నాడు ఆమె బస్సులో, అతను బస్సు వెనక. ఆసుపత్రిలో నాలుగు రోజులు తిరిగారు. గొట్టాలు వేశారు, ఫొటోలు తీశారు. చివరికి జుట్టు నెరవడం మొదలైన ఒక డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, కాగితం మీద పేగు బొమ్మ గీసి, ఒకచోట గుండ్రంగా చుట్టింది.

"గడ్డ ఇక్కడుంది. ఇంకా పక్కలకి పాకలేదు. తీసేస్తాను. బతుకుతారు. ఇంకో రెండు నెలలు ఆగి వచ్చుంటే నేను కత్తి పట్టుకునేదాన్ని కాదు." కలం మూత పెట్టింది. "ఇన్నాళ్ళు ఆగి, ఇప్పుడెందుకొచ్చారు? నొప్పి ఎక్కువైందా?"

"లేదు. మా అమ్మాయి బరువు తగ్గుతోంటే," అంది భార్య.

డాక్టరమ్మ తలూపి, ఆపరేషను సోమవారం అని రాసిచ్చింది.

ఆ వారమంతా భార్య పట్టుబట్టి తిన్నది. వాంతి వస్తే కడుక్కుని మళ్ళీ తిన్నది. "అది తిన్నట్టుందా?" అని రోజూ అడిగేది. అతను "ఏమో, చూడాలి," అనేవాడు. నిజానికి కారు ఇంకా ఎక్కువ ఎగురుతోంది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకి ఆమెకి ఆకుపచ్చ గౌను తొడిగి మంచం మీద పడుకోబెట్టారు. ఇద్దరికీ పావుగంట మిగిలింది. అతను మంచం అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నువ్వు గాలి చూపించమన్నావు," అన్నాడు. "నేనే వినలేదు."

"తెలుసు," అంది ఆమె. "వారం వారం చెబుతూనే ఉన్నారుగా. పదకొండేళ్ళ నుంచి ప్రతి సోమవారం పొద్దున మీరు బండి తీసిన చప్పుడు వింటూనే ఉన్నాను."

"ఒక్కసారైనా తిట్టలేదు నువ్వు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "మీకు తెలీనిది ఒకటుంది. వచ్చాక చెప్తాను," అంది. మంచం తోసేవాళ్ళు వచ్చారు. తలుపులు ఊగి ఊగి ఆగాయి.

తొమ్మిది దాటాక కాపలా మనిషి వచ్చి, కింద ఎవరో మీకోసం కేకలేస్తున్నారన్నాడు. నిజంగానే మెట్ల దాకా వినపడుతోంది. గాలక్క. ఒక చేతిలో కాలితో తొక్కే పంపు, ఇంకో చేతిలో మీటరు. కంప్రెసరు కట్టేసి, కొట్టు మూసి, రెండు బస్సులు మారి వచ్చింది.

"ఏడయింది, ఏడున్నరయింది, సోమవారం రాలేదు. నాకు చెయ్యి ఆడలేదు. మీ పక్కింటివాళ్ళని అడిగి వచ్చాను. పద, బండెక్కడ?"

కారు ఆసుపత్రి గోడ నీడలో ఉంది. పొద్దున అయిదున్నర నుంచి కదల్లేదు కాబట్టి టైర్లు చల్లగానే ఉన్నాయి. ఆవిడ ముందువి చూసింది, వెనక కుడిది చూసింది. వెనక ఎడమదాని దగ్గరికొచ్చి, కూర్చోకుండానే నిలబడిపోయింది. ఆ టైరు కింద పొట్ట ఏమాత్రం లేదు. కొత్త బంతిలా నిక్కి ఉంది. ఆవిడ వెనక తలుపు తీసి, తల లోపలికి పెట్టి చూసింది. సీటు మీద ఇటు నుంచి అటు చెయ్యి పోనిచ్చింది. తలుపు మూసి అక్కడే నిలుచుంది.

"తమ్ముడూ," అంది.

అంత మెల్లగా ఆవిడ మాట్లాడగలదని ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

"పొద్దున ఉంది," అన్నాడతను. "పొద్దున వచ్చేటప్పుడు ఉంది. కొంచెమే, కానీ ఉంది. మలుపులో నాకు తెలిసింది."

"ఉండే ఉంటుంది."

"ఇంకోసారి చూడక్కా."

ఆవిడ ఇంకోసారి చూసింది. టైరు పక్క నొక్కింది, వెనక్కి జరిగి చూసింది. తర్వాత కూర్చుని, వాల్వు మూత తిప్పి అతని చేతిలో పెట్టి, ఆ చదునైన బొటనవేలితో పిన్ను నొక్కింది. గాలి పోసాగింది. ముప్పై ఏడు నుంచి ముప్పై రెండుకి రావడానికి ఎంతోసేపు పట్టదు. అతనికి మాత్రం అది అయిపోనే అయిపోలేదు. సన్నగా, సాగదీసినట్టు వస్తున్న ఆ చప్పుడు వింటూ అతను టైరు పక్కన నేలమీద కూర్చుండిపోయాడు. పదకొండేళ్ళు పెంచిన పిల్ల. ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ముప్పై, నలభై ఏడు. గాలక్క మధ్యమధ్యలో ఆపి మీటరు పెట్టి, మళ్ళీ నొక్కి, చివరికి మూత అడిగి బిగించింది.

"ఇక ఎక్కువ ఉంచితే బండి నిలవదు," అంది. "నీకు నడపడం ప్రమాదం."

ఆవిడ కూడా అతని పక్కనే, ఒళ్ళో మీటరు పెట్టుకుని కూర్చుంది. పదిన్నరకి కాపలా మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆపరేషను అయిపోయిందనీ, అంతా బాగా జరిగిందనీ, డాక్టరమ్మ పిలుస్తోందనీ చెప్పాడు. అతను లేవబోయాడు గానీ లేవలేకపోయాడు. గాలక్క అతని చంకల కింద చేతులు వేసి లేపింది.

పది రోజులు వార్డులో ఉన్నారు. మూడో రోజు నుంచి గంజినీళ్ళు, ఆరో రోజు నుంచి మెత్తటి అన్నం. ఎనిమిదో రోజు తూస్తే ఒక కిలో పెరిగిందన్నారు. "మరి అదో?" అని ఆమె అడిగినప్పుడల్లా అతను ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయేవాడు. తర్వాత తర్వాత ఆమె అడగడం మానేసింది.

ఇంటికి పంపించేరోజు డాక్టరమ్మ కుట్లు చూసి, "బస్సు మాటెత్తొద్దు. కుదుపులకి కుట్లు విడిపోతాయి. కార్లో, వెనక సీట్లో, వీలైతే పడుకుని వెళ్ళండి," అంది. నర్సు ఒక దిండు ఇచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు తిరిగివ్వమంది.

అతను కారుని మెట్ల దగ్గరికి తెచ్చి, దిగి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఆమె అతని భుజం వదిలేసి, తనే నడిచి వెళ్ళి, వెనక ఎడమ తలుపు పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. వెనకాల ఇంకో కారు వచ్చి ఆగింది. అందులో ఆయన హారను మీద చెయ్యి వేసి, ఆమె మొహం చూసి తీసేశాడు. ఆమె తలుపు తీసి, కడుపు పట్టుకుని, మెల్లగా వంగి లోపల కూర్చుంది.

గేటు దాటి రోడ్డెక్కారు. అతను గుంతలన్నీ తప్పిస్తూ నడుపుతున్నాడు.

"లేదు కదూ?" అంది ఆమె.

"లేదు."

"ఎప్పుడు?"

"నువ్వు లోపల ఉన్నప్పుడు."

ఆమె "ఊఁ" అంది. రెండు వీధులు దాటాక మళ్ళీ మాట్లాడింది.

"ఆ రోజు అది ముందుకొస్తానంది. మీరు రోడ్డు చూసుకుంటున్నారు, మీకు వినపడలేదు. అమ్మా, నీ ఒళ్ళో కూర్చుంటానని రెండుసార్లు అడిగింది. ఉక్కగా ఉంది, ఒళ్ళంతా చెమట, విసుగ్గా ఉంది నాకు. వెనకే కూర్చో, మాటిమాటికీ అడిగావంటే చూడు, అన్నాను. దానితో నేనన్న ఆఖరి మాట అది. కోపంగా అన్నాను." ఊపిరి పీల్చుకుంది. "వెనక సీట్లోనే కూర్చునుంది, ఇన్నేళ్ళూ. నేను కూర్చోమన్నానని కదండీ?"

అతను కారు పక్కకి తీసి ఆపాడు. సీట్ల మధ్య నుంచి చెయ్యి వెనక్కి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, పాపని పేరు పెట్టి పిలిచింది. పదకొండేళ్ళ తర్వాత ఆ పేరు ఆమె నోటి నుంచి వచ్చింది. బడి నుంచి వచ్చిన పిల్లని అన్నానికి పిలిచినట్టు, మామూలుగా పిలిచింది. కాసేపాగి, ఇంకొంచెం గట్టిగా పిలిచింది. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. కారు ఆ గాలికి కొంచెం ఊగి నిలిచింది. అప్పుడామె ఏడ్చింది. కుట్లు లాగుతుంటే ఒక చేత్తో కడుపు అదిమిపట్టుకుని, నోరు తెరిచి, గొంతెత్తి ఏడ్చింది. అతను ముందు సీట్లో స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నొప్పిగా ఉందా?" అన్నాడతను.

"ఉంది. కూర్చోలేకపోతున్నాను."

"డాక్టరమ్మ పడుకోమంది కదా."

ఆమె పక్కకి చూసింది. నర్సు ఇచ్చిన దిండుని కుడి తలుపుకి ఆనించింది. తల దాని మీద పెట్టి, కాళ్ళు ఎడమవైపుకి, సీటు చివరిదాకా చాపుకుని పడుకుంది. చోటు సరిపోయింది. అతను ఆమె కాళ్ళ మీద దుప్పటి కప్పి, కారు స్టార్టు చేశాడు.